బస్సు సీటు కింద గొడుగులు

మా పెరట్లో ఒక బస్సు సీటు ఉంది. ఇద్దరు పట్టేది. ఆకుపచ్చ రెక్సిన్ ఒక మూల చిరిగి లోపలి స్పాంజి కనిపిస్తూ ఉంటుంది. వీపు వెనక రేకు మీద ఎవరో ప్రేమికుడు తాళంచెవితో గీసిన గుండె బొమ్మ, అందులో దిగబడిన బాణం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మా మామగారు ముప్ఫై మూడేళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఆయన రిటైరైన నెలలోనే ఆయన తిరిగిన బస్సును కూడా తుక్కుకి పంపేశారు. అందులోంచి ఈ ఒక్క సీటు అడిగి తెచ్చుకున్నారు. ముప్ఫై మూడేళ్ళు ఊరందరినీ కూర్చోబెట్టి తను నిలబడ్డారట. మిగిలిన సర్వీసు కూర్చునే చేస్తారట.

మా అత్తగారు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేశారు. ఆవిడా ఆ ఏడే రిటైరయ్యారు గాని, వార్డు మాత్రం ఆవిడ వెంటే ఇంటికి వచ్చేసింది. మా ఇంట్లో తువ్వాళ్ళకి నంబర్లున్నాయి. ఎవరైనా రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ము థర్మామీటరు నోట్లో పెట్టుకునే తుమ్మాలి.

ఈ గొడుగుల గొడవకి పద్నాలుగు నెలల ముందు మామగారి గుండె ఒకసారి మొరాయించింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చారు. ఆ వచ్చిన మర్నాటి నుంచి అత్తగారు తెల్లవారి ఐదింటికి లేచి ఓట్స్ జావ కాయడం మొదలుపెట్టారు. ఉప్పు లేదు, పంచదార లేదు, పాలు పేరుకి మాత్రం. ఆ వేళప్పుడు వంటింట్లోకి ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. జావ దింపాకే ఆవిడ తన టీ సంగతి చూసుకునేవారు. ఆరున్నరకి స్టీలు గ్లాసు మామగారి చేతికి వెళ్ళేది. ఆయన దాన్ని పట్టుకుని పెరట్లోకి నడిచేవారు. గాలి తగిలితేనే జావ దిగుతుందని ఆయన వాదన. ఖాళీ గ్లాసు వెనక్కి వచ్చాక వంటింటి గోడ మీది కాగితంలో ఆ రోజు గడిలో టిక్కు పడేది.

ఖాళీ గ్లాసు కడిగి మరీ వచ్చేది. జీవితంలో ఒక్క చెంచా కూడా కడిగి ఎరగని మనిషి రోజూ పెరటి పంపు దగ్గర గ్లాసు కడిగి తేవడం నేను గమనించకపోలేదు. కానీ మగవాడు గ్లాసు కడిగితే ఆరా తీయకూడదు, ఉన్న అలవాటు చెడుతుంది. అందుకని ఊరుకున్నాను.

మొన్నటి రక్తపరీక్షలో కొవ్వు బాగా తగ్గినట్టు వచ్చింది. అత్తగారు ఆ రిపోర్టును ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు ఆ కాగితం చూపించి, ఇదంతా జావ చలవ అని చెప్పేవారు. అప్పుడు మామగారు తల వంచుకునేవారు. నేనది వినయం అనుకున్నాను.

గొడవ మా చిట్టితో మొదలైంది. చిట్టి నా కూతురు, నాలుగేళ్ళు. ఏ వస్తువునైనా కంటితో కాక నాలుకతో చూసే వయసు. ఒక శుక్రవారం పొద్దున పెరట్లోంచి అరచేతిలో ఏవో పట్టుకుని వచ్చి, తన బొమ్మలకి గొడుగులు దొరికాయని చెప్పింది. చూస్తే నిజంగానే గొడుగులు. చిటికెన వేలిలో సగం ఎత్తు, సన్నని కాడ, పైన చువ్వలు విచ్చుకున్న చిన్న ఆకుపచ్చ గొడుగు.

అత్తగారి ముఖంలో రంగు మారింది. చిట్టి చేతులు మోచేతుల దాకా మూడుసార్లు కడిగారు. చెంచా వెనకతో నాలుక నొక్కి గొంతు చూశారు. ఏమీ మింగలేదని తేలాక పెరట్లోకి వెళ్ళారు. మేడ మీద నీళ్ళట్యాంకు నిండినప్పుడల్లా పొర్లిన నీళ్ళు ఒక గొట్టంలోంచి పెరటిగోడ మీదికి కారుతుంటాయి. ఆ గోడ పాదంలోనే బస్సు సీటు. సీటు చుట్టూ నేల మీద, తడి ఇటుకల మీద, ఆకుపచ్చటి పొరలు పరుచుకుని ఉన్నాయి, వాటి మీద వందలకొద్దీ గొడుగులు.

"పుట్టగొడుగులు" అన్నారు అత్తగారు.

ఆవిడ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆవిడ ఉద్యోగంలో ఉండగా ఒక వానాకాలం, అడవిలో దొరికిన పుట్టగొడుగులు వండుకు తిన్న కుటుంబం ఒకటి ఆస్పత్రికి వచ్చింది. ఐదుగురు వచ్చారు, ముగ్గురు ఇంటికి వెళ్ళారు. ఆ కథ ఆవిడ ఎప్పుడూ పూర్తిగా చెప్పరు. ఆ రెండు మంచాల నంబర్లు మాత్రం ఇప్పటికీ చెబుతారు.

కాబట్టి తీర్పు వెంటనే వచ్చేసింది. పెరడంతా తవ్వించి, సిమెంటు పోయించి, తెల్లటి టైల్స్ వేయించాలి. సీటు తుక్కువాడికి వెళ్ళిపోవాలి, దాని కాళ్ళ కిందే తేమంతా ఉంది గనక. టైల్స్ మేస్త్రికి ఫోన్ చేస్తే, చేతిలో పని ఉంది, వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం వస్తానన్నాడు. ఇంతా విని మామగారు వెళ్ళి సీటు మీద కూర్చుని, పక్కన ఖాళీగా ఉన్న చోటు మీద చెయ్యి వేసి, ఎవరినో ఓదారుస్తున్నట్టు నిమిరారు.

మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, నీళ్ళు తాగుతున్నట్టు నటిస్తూ నన్నడిగారు.

"అమ్మాయ్, నువ్వు కాలేజీలో చదివింది చెట్ల చదువే కదూ?"

చదివింది వృక్షశాస్త్రమే. పట్టా పుచ్చుకుని పదకొండేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఆ చదువు కూరగాయల బజారులో ముదురు బెండకాయని పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఆ పెరట్లో ఆ సీటు ఒక్కటే ఆయనది. మిగిలిన ఇల్లంతా వార్డు.

వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. చూడగానే గుర్తుపట్టాను, చిన్నప్పటి క్లాస్‌మేటు బజారులో ఎదురైనట్టు. లివర్‌వర్ట్. కాలేజీలో దీని బొమ్మ ఎన్నిసార్లు గీశానో. ఆకులూ కాండమూ అని వేరుగా ఉండవు, నేలకి అంటుకుపోయిన పచ్చటి పట్టీ, కొసల్లో రెండుగా చీలుతూ పోతుంది. పైన సన్నటి గళ్ళు. అక్కడక్కడ గింజంత గిన్నెలు, ఆ గిన్నెల్లో ఆవగింజకంటే చిన్న పచ్చటి బిళ్ళలు. వానచుక్క గిన్నెలో పడితే ఆ బిళ్ళలు చిమ్మి, పడినచోటల్లా కొత్త మొక్క అవుతాయి. ఒక పట్టీని గోటితో మెల్లగా లేపాను. అడుగున వేళ్ళు లేవు, వెంట్రుకల్లాంటి పోగులున్నాయి అంతే.

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. ఇది పుట్టగొడుగు కాదనీ, వేరే జాతి అనీ అన్నాను. దాని పేరు చెప్పగానే అత్తగారు లివర్‌కి ఏం జబ్బు చేస్తుందని అడిగారు. జబ్బేమీ చేయదు, ఆకారం కాలేయంలా ఉందని ఎప్పుడో ఆ పేరు పెట్టారని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

"గొడుగుంటే పుట్టగొడుగే" అన్నారు.

మామగారికి ధైర్యం వచ్చింది. "వాన పడుతుంటే బస్టాపులో నలభై గొడుగులుంటాయోయ్. అంతమాత్రాన అందరూ ఒకింటి వాళ్ళేనా?"

"ముప్ఫై తొమ్మిది మంది మంచివాళ్ళున్నా ఒక్క జేబుదొంగ చాలు కదండీ" అన్నారు అత్తగారు. ముప్ఫై మూడేళ్ళు మామగారే ఆ మాట ప్రయాణికులకి చెప్పారు.

మా ఆయన అమ్మ మాటా నిజమేనన్నారు, నాన్న మాటా నిజమేనన్నారు. నా వైపు చూసి, నువ్వు చెప్పిందీ నిజమేనని, చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆయన ఎప్పుడూ అంతే. ఇంట్లో తుఫాను వస్తే కిటికీలు మూసే మనిషే గాని గొడుగు పట్టే మనిషి కాదు.

అత్తగారికి అర్థమయ్యే భాషలో చెప్పాలని నేను కాస్త ఆలోచించాను. "అత్తయ్యా, ఇది మొక్క. పుట్టగొడుగు అసలు మొక్కే కాదు. ఇది పచ్చగా ఉంది చూశారా, వెలుతురు పెట్టుకుని తన వంట తను వండుకుంటుంది. పుట్టగొడుగుకి వంట రాదు. ఎవరో పారేసింది, ఎక్కడో కుళ్ళింది చూసుకుని, దాని మీద పడి తింటుంది."

అత్తగారు భర్త వైపు ఒకసారి, కొడుకు లేచిపోయిన కుర్చీ వైపు ఒకసారి చూశారు. "అలాంటివి ఈ ఇంట్లో ఇంకా ఉన్నాయిలే" అన్నారు.

అయినా ఆవిడకి నోటిమాట చాలదు. పరీక్ష కావాలి. పరీక్ష నేనే చెప్పాను. ఆ పచ్చదనం మీద ఒక కుండీ బోర్లించి పది రోజులు చీకట్లో ఉంచుదాం. వంట వచ్చిన మొక్కయితే వెలుతురు లేక పాలిపోతుంది. పుట్టగొడుగైతే చీకటిని లెక్క చేయదు, నిక్షేపంగా నిలబడుతుంది. ఆవిడ ఒప్పుకున్నారు. షరతు కూడా ఆవిడే పెట్టారు. మేస్త్రి వచ్చే సోమవారం కుండీ ఎత్తుతాం. కింద పాలిపోయి ఉంటే సీటు ఉంటుంది. ఒక్క గొడుగు నిక్షేపంగా నిలబడి ఉన్నా సీటు పోతుంది, టైల్స్ వస్తాయి.

కుండీ ఎక్కడ పెట్టాలన్న దగ్గర చిన్న చర్చ జరిగింది. అత్తగారు సీటు కుడికాలి పక్కన చోటు చూపించారు. మామగారు వెంటనే, అక్కడ కాదు, గోడ మూల దట్టంగా ఉంది, అక్కడ పెడితే పరీక్ష బాగా తేలుతుందన్నారు. తరవాత పంపు దగ్గర అన్నారు. తరవాత ఎడమకాలి దగ్గరన్నారు. ఇన్ని స్టాపులు చెబుతున్నారేమిటా అని నాకు అనుమానం రావలసింది. అత్తగారికి మాత్రం వచ్చింది. ఆయన వద్దన్నచోటే ముఖ్యమైన చోటని తేల్చుకుని, కుండీ కుడికాలి పక్కనే బోర్లించారు.

బోర్లించాక నేనొక సంగతి చెప్పవలసి వచ్చింది. కుండీ అడుగున నీళ్ళు పోయేందుకు కన్నం ఉంటుంది, అందులోంచి వెలుతురు పడితే పరీక్ష చెడుతుంది. అత్తగారు మెచ్చుకోలుగా చూసి, మందుల పెట్టెలోంచి గాయాలకి వేసే ప్లాస్టరు చుట్ట తెచ్చారు. రెండు ముక్కలు కత్తిరించి కన్నం మీద కూడిక గుర్తులా అంటించి, అంచులు బొటనవేలితో నొక్కారు. ఆ కుండీకి అంతకంటే మంచి వైద్యం ఎక్కడా దొరకదు.

ఆ పది రోజులూ ఇంట్లో అందరికీ పెరటి మీదే ధ్యాస. మూడో రోజు పొద్దున బట్టలారేస్తూ నేను చూసినప్పుడు కుండీ మీది ప్లాస్టరు కూడిక గుర్తులా లేదు, హెచ్చవేత గుర్తులా ఉంది. ఐదో రోజు మళ్ళీ కూడిక. ఏడో రోజుకి మందుల పెట్టెలో ప్లాస్టరు చుట్ట సగమైంది. మామగారు కన్నంలోంచి తొంగి చూసుకుంటున్నారని అనుకున్నాను. పాపం, ఆత్రం. వెలుతురు ఒక్క క్షణం పడితే కొంప మునగదులే అని ఊరుకున్నాను. ఆరున్నరకి గ్లాసు వెళ్ళేది, కడిగిన గ్లాసు వచ్చేది, గడిలో టిక్కు పడేది. ఆ ప్లాస్టరునీ ఈ గ్లాసునీ కలిపి చూడాలని నాకు తట్టలేదు. పట్టా పుచ్చుకున్నదాన్ని కూడా.

సోమవారం వచ్చింది. తొమ్మిదింటికి మేస్త్రి టైల్స్ దించి, గడ్డపారకి ఆనుకుని నిలబడ్డాడు. అత్తగారు చేతులకి తొడుగులు వేసుకున్నారు. మా ఆయన ఆఫీసుకి ఒక గంట ఆలస్యంగా వెళతానని ఫోన్ చేశారు, ఇంటి విషయంలో ఆయన తీసుకున్న అతి పెద్ద నిర్ణయం అదే. చిట్టిని ఆయన చంకన ఎత్తుకున్నారు. మామగారు మాత్రం సీటు మీద కూర్చోలేదు. మొదటిసారిగా దాని పక్కన, పైన కడ్డీ ఏదో ఉన్నట్టు ఒక చెయ్యి కొంచెం పైకెత్తి నిలబడ్డారు.

నేను కుండీ ఎత్తాను.

నేను చెప్పింది అక్షరాలా జరిగింది. పచ్చటి పట్టీలు పాలిపోయి పసుపుపచ్చగా, సన్నగా సాగి, వెలుతురు కోసం వెతుక్కుంటూ మెడలెత్తి ఉన్నాయి. చిన్న గొడుగులు సగం వాలిపోయాయి. వాటి మధ్యలో, బూడిదరంగు టోపీలు పెట్టుకుని, నిటారుగా, నిక్షేపంగా, జానెడేసి ఎత్తున ఐదు పుట్టగొడుగులు నిలబడి ఉన్నాయి.

అందరికంటే ముందు మేస్త్రి తేరుకున్నాడు. "ఇవి పుట్టగొడుగులే కదమ్మగారూ" అన్నాడు. ఇలాంటి సాయం చేసేవాడు ప్రతిచోటా ఒకడుంటాడు.

అత్తగారు నా వైపు చూశారు. గెలిచిన సంతోషమేమీ లేదు ఆ చూపులో. చిట్టి అరచేతిలో ఏముండి ఉండేదో ఆవిడ ఆలోచిస్తున్నారు. చదువుకున్న చదువు నడిబజారులో కాలుజారి పడినట్టనిపించింది. ఏదో ఒకటి చేయాలి గనక కుండీ పక్కన పెట్టి, కడుగుదామని దాని మీది ప్లాస్టరు పీకాను.

ప్లాస్టరు జిగురువైపు, సరిగ్గా కన్నం ఉన్నచోట, ఎండిపోయిన ఓట్స్ రేకు ఒకటి అంటుకుని ఉంది.

ప్లాస్టరును అరచేతిలో మడిచి గుప్పిట మూశాను. తలెత్తేసరికి మామగారు నన్నే చూస్తున్నారు. పాస్ చూపించమంటే జేబులు తడుముకునే ప్రయాణికుడిలా ఉంది ఆయన ముఖం.

నేను అబద్ధం చెప్పలేను, అది నా స్వభావం. అలాగని ఆ గుప్పిట విప్పనూలేను. కాబట్టి ఇద్దరికీ మధ్యలో ఉన్న నిజం ఒకటి చెప్పాను. "అత్తయ్యా, పచ్చది పాలిపోయింది, చూశారుగా. అది పుట్టగొడుగు కాదు. ఈ ఐదూ పుట్టగొడుగులే, ఏ రకమో నాకు తెలియదు, తెలియనిది ముట్టకూడదని మాత్రం తెలుసు. కానీ ఇవి దాంట్లోంచి రాలేదు. పుట్టగొడుగుకి వంట రాదన్నాను కదా. ఇక్కడ దానికెవరో తిండి పెడుతున్నారు."

"ఎవరు?" అన్నారు అత్తగారు.

నేను నేల చూశాను. మా ఆయన ఆకాశం చూశారు. మేస్త్రి గడ్డపార చూసుకున్నాడు. మామగారు నోరు మూసుకుంటే చాలు, పద్నాలుగు నెలల రహస్యం సిమెంటు కింద పడి ఉండిపోతుంది. సీటు తుక్కువాడి బండెక్కుతుంది, ఫ్రిజ్ మీద రిపోర్టు అలాగే ఉంటుంది. నోరు తెరిస్తే సీటు ఉండవచ్చు, రిపోర్టు ఉండదు. ఆయన వంటింటి కిటికీ వైపు ఒకసారి, సీటు వీపు మీది బాణం గుచ్చుకున్న గుండె వైపు ఒకసారి చూశారు.

"పద్నాలుగు నెలలు టికెట్ లేకుండా ప్రయాణం చేశానోయ్. ఇవాళ చెకింగు పడింది" అన్నారు.

అత్తగారికి అర్థం కాలేదు.

"జావ. నీ జావ. రోజూ ఇక్కడే పోశాను. కుండీ పెట్టాక, బయట కనపడకుండా కన్నంలోంచి పోశాను."

నేను గుప్పిట విప్పాను. అత్తగారు ప్లాస్టరు తీసుకుని, ఆ రేకును దగ్గరగా పెట్టి చూసి, జాగ్రత్తగా మడిచి జేబురుమాలులో పెట్టుకున్నారు, ఆధారం పోకుండా. తరవాత అడిగారు.

"ఒక్కరోజు కూడా తాగలేదా?"

మామగారు నిజాయితీగా ఆలోచించారు. "రెండుసార్లు తాగాను. ఆ రెండు రోజులూ వాన. నువ్వు గుమ్మంలో నిలబడి చూస్తున్నావు."

"బాగాలేదని ఒక్కమాట చెబితే సరిపోయేది కదా."

"నువ్వేమో ఐదింటికి లేచి చేస్తున్నావు. ఎలా చెప్పను?"

"చెప్పలేని మనిషికి పారబోయడం ఎలా వచ్చిందండీ?"

అత్తగారు లోపలికి వెళ్ళిపోయారు. గోడ మీంచి కాగితం చిరిగిన చప్పుడు వినిపించింది. మామగారు సీటు అంచున కూర్చున్నారు. ఏమవుతుందో తెలియక, మేస్త్రికి నేను టీ ఇచ్చాను. టీ తాగుతూ మేస్త్రి మామగారితో, తన ఇంట్లో కాకరకాయ రసం ఇస్తారని, తను కిటికీలోంచి పోస్తాడని రహస్యంగా చెప్పాడు. ఇద్దరూ ఒకే డిపో వాళ్ళలా కాసేపు కూర్చున్నారు.

అత్తగారు పద్నాలుగు నెలల కాగితాలన్నీ పట్టుకుని, ఎర్ర కలంతో తిరిగొచ్చారు. "ఆ రెండు వానలు ఏ రోజో చెప్పండి" అన్నారు.

మామగారికి గుర్తుంది. ఒకటి చిట్టికి జ్వరం వచ్చిన వారంలో గురువారం, ఇంకోటి ట్యాంకు మోటారు కాలిపోయిన మర్నాడు. ఆ రెండు టిక్కులనీ వదిలేసి మిగిలినవాటినన్నిటినీ అత్తగారు నిలబడే కొట్టేశారు. నాలుగువందల పైచిలుకు గడులు. అరగంట పట్టింది. తప్పు లెక్క ఆవిడ వార్డులో ఎన్నడూ మిగలలేదు. అంతా అయ్యాక కలానికి మూత పెట్టి, పాలిపోయిన పట్టీల వైపు చూశారు.

"షరతు షరతే. పచ్చది పాలిపోయింది. నిలబడ్డవాటికి తిండి పెట్టింది మీరు. సీటు ఉంటుంది."

మామగారు లేచి నిలబడబోయారు.

"కూర్చోండి, ఇంకా కాలేదు. రేపటి నుంచి జావ నా కళ్ళ ముందు తాగాలి."

తెచ్చిన టైల్స్ వెనక్కి పంపకుండా, బట్టలుతికే చోట వేయించారు. పుట్టగొడుగులని, వాటి కింద మట్టితో సహా, తొడుగులూ ముక్కుగుడ్డా పెట్టుకుని తనే తవ్వి రెండు సంచుల్లో కట్టేశారు. మట్టిలో తెల్లటి పోగులు దూదిలా అల్లుకుని ఉన్నాయి. పద్నాలుగు నెలలు కూర్చుని తిన్నవాళ్ళ కాపురం అది. లివర్‌వర్ట్ జోలికి వెళ్ళలేదు. దాన్ని తింటే ప్రమాదమా అని నన్నడిగారు. ప్రమాదమని ఎవరూ చెప్పలేదు, తినమని కూడా ఎవరూ చెప్పలేదన్నాను. ఆ జవాబు ఆవిడకి నచ్చింది. చిట్టికి అందకుండా చుట్టూ తాడు కట్టించారు. ఫ్రిజ్ మీది రిపోర్టు మాత్రం ఎందుకో తీయలేదు.

ఆ సాయంత్రం మామగారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "నువ్వెప్పుడైనా దాన్ని రుచి చూశావా?" అత్తగారు గ్లాసులు సర్దే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి వంటింట్లోంచి రెండు గ్లాసులు బయల్దేరాయి. మామగారు సీటు మధ్యలో కూర్చుని ఉన్నారు. అత్తగారు ఎదురుగా నిలబడి, "ముందుకు జరగండి" అన్నారు. ముప్ఫై మూడేళ్ళు అందరినీ జరిపిన మనిషి గోడ వైపుకి జరిగారు. ఆవిడ ఎడమవైపు కూర్చున్నారు. మామగారు మందు తాగే పిల్లాడిలా కళ్ళు గట్టిగా మూసుకుని, గ్లాసెత్తి గటగటా తాగేశారు. అత్తగారు ఒక గుక్క తాగారు. ఎంత చెడ్డ వార్త అయినా రోగి ముందు బయటపడనివ్వని ముఖం అది.

"బాగానే ఉంది" అన్నారు అత్తగారు.

గోడ మీద కొత్త కాగితం వెలిసింది. దానికి రెండు వరసలు, ఆయనదొకటి, ఆవిడదొకటి. రోజూ రెండు టిక్కులు. నెల తిరిగేసరికి, కుండీ పెట్టినచోట పాలిపోయిన పట్టీల కొసల్లోంచి కొత్త పచ్చదనం వచ్చింది. అలవాటు కొద్దీ నేను రోజూ బట్టలారేశాక సీటు కుడికాలి దగ్గర వంగి చూసేదాన్ని. ఒక్క పుట్టగొడుగూ లేదు. మామగారు నిజంగానే తాగుతున్నారన్నమాట. కాగితం మీది టిక్కుకంటే నాకు ఆ నేలే నమ్మకమైన సాక్ష్యం.

మొన్న రెండు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున వెళ్ళి చూశాను. కుడికాలి దగ్గర శుభ్రంగా ఉంది. లేచి వచ్చేస్తూ, ఎందుకో ఎడమవైపు చూశాను.

సీటు ఎడమకాలి పక్కన, బూడిదరంగు టోపీలు పెట్టుకుని, నిటారుగా రెండు.

అటువైపు కూర్చునేది అత్తగారు. ఆయన తాగేటప్పుడు కళ్ళు మూసుకుంటారని ఆవిడకి తెలుసు. తొడుగులు వేసుకుని, వాటిని మట్టితో సహా తవ్వి, రెండు సంచుల్లో కట్టి, ఆ చోటు చదును చేసి చేతులు కడుక్కుని లోపలికి వచ్చాను. అత్తగారు కాగితంలో రెండు టిక్కులూ పెట్టి కలానికి మూత పెడుతున్నారు.

"అత్తయ్యా, రేపటి నుంచి జావ నేను కాస్తాను. పాలు కొంచెం ఎక్కువ పోసి, అరటిపండు ముక్కలు, రెండు ఖర్జూరాలు వేద్దాం, గుండెకి మంచిదే" అన్నాను.

ఐదింటికి తన వంటింట్లోకి ఎవరినీ అడుగు పెట్టనివ్వని మనిషి. ఎందుకని అడగలేదు. ఎన్ని గ్రాముల ఖర్జూరాలని కూడా అడగలేదు.

"సరే" అన్నారు. ఆవిడ ఇంత తొందరగా ఒక మాటకి ఒప్పుకోవడం ఈ ఇంట్లో అడుగు పెట్టాక నేను చూడటం అదే మొదటిసారి.